ఏ తేదీ పట్టుకున్నారు? తిరగబడిన ఒక సీనియారిటీ జాబితా కేస్ స్టడీ

ఆరుగురు జూనియర్ అసిస్టెంట్లు, మూడు సీనియర్ అసిస్టెంట్ ఖాళీలు. 2019-20 ప్యానెల్ (ఆ ఏడాది ప్రమోషన్‌కు అర్హుల జాబితా) కోసం ఒక జిల్లా కార్యాలయంలో ప్రొవిజనల్, అంటే అభ్యంతరాలకు వీలున్న తాత్కాలిక సీనియారిటీ జాబితా వేశారు. నాలుగు అభ్యంతరాలు వచ్చాయి. వాటిని తేల్చేసరికి మొదటి జాబితాలో అందరికంటే కింద ఉన్నామె రెండో స్థానానికి ఎక్కింది, అందరికంటే పైన ఉన్నాయన నాలుగో స్థానానికి దిగాడు. ఎవరి సర్వీస్ రిజిస్టర్‌లోనూ తప్పుడు తేదీ లేదు. తేదీలన్నీ సరైనవే. పట్టుకోవలసిన తేదీ వదిలి వేరేది పట్టుకున్నారు, అంతే.

ఇది ఏదో ఒక ఆఫీసు ఫైలు కాదు. సీనియారిటీ ఫైళ్లలో పదే పదే కనబడే తప్పులన్నీ ఒక్కచోట కనబడేలా కూర్చిన నమూనా. మనుషులకు పేర్ల బదులు అక్షరాలున్నాయి. నియమాలు మాత్రం అసలువే: 1996 అక్టోబర్ 15న 436వ నంబరు జీవోగా వచ్చిన రాష్ట్ర, సబార్డినేట్ సర్వీసు నియమాలు. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ వీటి మీదే నడుస్తున్నాయి.

ముందు మాట అర్థం తేల్చుకోవాలి, ఎందుకంటే సగం గొడవ అక్కడే ఉంది. మాటల్లో 'ఆయన సీనియర్' అంటే వయసులో పెద్దవాడనో, ముందునుంచీ పనిచేస్తున్నవాడనో, జీతం ఎక్కువనో అనుకుంటాం. ఫైల్లో ఈ మూడింటికీ విలువ లేదు. 33(ఎ) నియమం ప్రకారం ఒక సర్వీసులో, ఒక క్లాసులో, ఒక కేటగిరీలో ఉద్యోగి సీనియారిటీని ఆ కేటగిరీలో అతని మొదటి నియామక తేదీ నిర్ణయిస్తుంది. శిక్షగా కింది ర్యాంకుకు దించినప్పుడు మాత్రమే ఇది మారుతుంది. దీనికి తోడు ఇంకో హద్దు: నియామక యూనిట్, అంటే ఎవరి నియామకాలు, ప్రమోషన్లు ఒకే లెక్కలో నడుస్తాయో ఆ పరిధి. జూనియర్ అసిస్టెంటుది జిల్లా కేడర్. ఉద్యోగాలను జిల్లా, జోన్ కేడర్లుగా విడగొట్టిన 1975 రాష్ట్రపతి ఉత్తర్వుల నాటినుంచీ ఒక జిల్లా వరస ఆ జిల్లాదే. కాబట్టి సీనియారిటీ మనిషికి అంటిపెట్టుకుని వెంట తిరిగే గుణం కాదు. ఒక యూనిట్‌లో, ఒక కేటగిరీలో, ఒక తేదీ దగ్గర మొదలయ్యే స్థానం. యూనిట్ మారినా, కేటగిరీ మారినా లెక్క మళ్లీ చూడాలి.

ఇక ఆరుగురి వివరాలు, సెక్షన్ అసిస్టెంటు సర్వీస్ రిజిస్టర్ల నుంచి ఎత్తి రాసుకున్నట్టుగానే:

ప: 1998లో రికార్డ్ అసిస్టెంటుగా చేరాడు. 10-05-2012న తాత్కాలికంగా జూనియర్ అసిస్టెంటుగా ప్రమోషన్. రెగ్యులర్ ప్యానెల్ ద్వారా నియామకం 01-10-2012.

ట: 2009లో వేరే జిల్లాలో జూనియర్ అసిస్టెంటుగా నేరుగా ఎంపిక. సొంత విజ్ఞప్తి మీద బదిలీ అయి 20-06-2013న ఈ జిల్లాలో చేరిక.

స: 09-11-2011న ఇదే జిల్లాలో ఇదే శాఖకు చెందిన మరో నియామక యూనిట్‌లో చేరాడు. ఆ ఆఫీసు ఎత్తేయడంతో పోస్టుతో సహా 02-02-2015న ఇక్కడికి వచ్చాడు.

త: కారుణ్య నియామకం. 05-03-2012న చేరింది. కావలసిన విద్యార్హత లేక 10(ఎ) నియమం కింద తాత్కాలికంగా తీసుకున్నారు. అర్హత సంపాదించాక 18-01-2014 నుంచి రెగ్యులరైజ్ చేస్తూ ఉత్తర్వు.

క: నేరుగా ఎంపిక. సెలక్షన్ జాబితాలో 4వ ర్యాంకు. 12-07-2012 పూర్వాహ్నం చేరిక.

చ: అదే సెలక్షన్ జాబితాలో 1వ ర్యాంకు. సర్టిఫికెట్ల పరిశీలన ఆలస్యమై, ఉత్తర్వులో ఇచ్చిన గడువులోపలే 03-08-2012 పూర్వాహ్నం చేరింది. ఆ జాబితాలో 2, 3 ర్యాంకుల వాళ్లు ఉద్యోగంలో చేరలేదు.

మొదటి జాబితాకు సెక్షన్ వాడింది 'ఉద్యోగంలో చేరిన తేదీ' అనే కాలమ్. జీతం బిల్లు సాఫ్ట్‌వేర్‌లో ఆ తేదీ తయారుగా ఉంటుంది, ఎక్సెల్‌లో సార్ట్ కొడితే పని అయిపోతుంది. వచ్చిన వరస: ప, ట, స, త, క, చ. మూడు ఖాళీలకు ప, ట, స వెళ్లాలి. చూడ్డానికి న్యాయంగానే ఉంది, పాతవాళ్లు ముందు, కొత్తవాళ్లు వెనక. అందుకే ఈ తప్పు అంత తేలిగ్గా సంతకాలు దాటుకుని పోతుంది. అసలు చూడవలసిన కాలమ్ వేరు: 'ఈ యూనిట్‌లో, ఈ కేటగిరీలో, రెగ్యులర్‌గా ప్రొబేషన్ మొదలైన తేదీ'. అది ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ దొరకదు. నియామక ఉత్తర్వు, జాయినింగ్ రిపోర్టు, రెగ్యులరైజేషన్ ప్రొసీడింగ్స్ మూడూ ముందు పెట్టుకుని ఒక్కొక్కరికీ చేత్తో రాసుకోవాలి. ఆరుగురికైతే అది ఒక మధ్యాహ్నం పని. రెండు వందల మంది ఉన్న కేడర్‌కు నెల పడుతుంది.

ఇప్పుడు ఒక్కొక్కరిదీ.

స గారిది అన్నిటికంటే తేలిక. ఆయన అడిగి రాలేదు, పరిపాలనా కారణాల మీద ప్రభుత్వమే పంపింది. 35(ఎ) ప్రకారం పాత యూనిట్‌లో మొదటి నియామక తేదీయే ఇక్కడా చెల్లుతుంది. తేదీ 09-11-2011. ఇలాంటి కేసుల్లో చూడవలసింది బదిలీ ఉత్తర్వులోని మాట: 'పరిపాలనా కారణాలపై' అని ఉందా, 'విజ్ఞప్తిపై' అని ఉందా? కొన్ని ఉత్తర్వుల్లో రెండూ ఉండవు, ఉత్త 'బదిలీ చేయడమైనది' అని ఉంటుంది. అప్పుడు నోట్ ఫైలు దాకా వెళ్లి ఆ బదిలీ ఎక్కడ పుట్టిందో చూడాలి. ఉద్యోగి దరఖాస్తుతో మొదలైతే విజ్ఞప్తి, పోస్టు షిఫ్టింగ్ ప్రతిపాదనతో మొదలైతే పరిపాలన. ఇంకో ఆధారం బదిలీ టీఏ (ప్రయాణ భత్యం). సొంత విజ్ఞప్తి మీద వెళ్లేవాళ్లకు టీఏ ఉండదు. కాబట్టి టీఏ బిల్లు పాసై ఉంటే ఆ బదిలీ పరిపాలనాపరమైనదని చెప్పడానికి గట్టి సాక్ష్యం.

ట గారిది దీనికి సరిగ్గా అద్దంలో బొమ్మ. తల్లిదండ్రుల ఆరోగ్యం, భార్య ఉద్యోగం, సొంతూరు, కారణం ఏదైనా అడిగి వచ్చిన బదిలీ. 35(బి) ప్రకారం కొత్త యూనిట్‌లో చేరిన తేదీయే మొదటి నియామక తేదీ. 2009 పోయి 20-06-2013 మిగిలింది. నాలుగేళ్ల సర్వీసు గాలికి పోయిందా అంటే లేదు. ఇంక్రిమెంట్లకు, సెలవు నిల్వకు, పెన్షన్ లెక్కకు అది అలాగే ఉంటుంది. పోయింది వరసలో చోటు మాత్రమే. ఆయన అభ్యంతరానికి ఇవ్వవలసిన జవాబు ఇలా ఉండాలి:

'శ్రీ ట గారు 2009 నుంచి ప్రభుత్వ సర్వీసులో ఉన్నారన్నది వాస్తవం. అయితే వారు స్వంత విజ్ఞప్తిపై బదిలీ పొంది 20-06-2013 పూర్వాహ్నం ఈ యూనిట్‌లో చేరారు. ఈ యూనిట్‌లో చివరి స్థానం తీసుకోవడానికి అంగీకరిస్తూ 02-05-2013న వారు వ్రాసి ఇచ్చిన అంగీకార పత్రం కరెస్పాండెన్స్ ఫైలు 41వ పేజీలో ఉన్నది. నియమం 35(బి) ప్రకారం ఈ యూనిట్‌లో వారి సీనియారిటీ 20-06-2013 నుంచి లెక్కించడమైనది. కావున అభ్యంతరం తిరస్కరించడమైనది.'

తిరస్కరించేముందు నాలుగు వాక్యాలు: ఉద్యోగి చెప్పినదాంట్లో నిజం ఎంతో ఒప్పుకోవడం, తేదీ, కాగితం ఉన్న పేజీ, నియమం. 'మీ విజ్ఞప్తి పరిశీలించి తిరస్కరించడమైనది' అని ఒక్క లైను రాసి పంపితే కోర్టులో నిలవదు. కారణాలు రాయలేదన్న ఒక్క ముక్క మీదే ఉత్తర్వు కొట్టేసి, మళ్లీ పరిశీలించమని వెనక్కి పంపుతారు. ఈలోపు రెండు ప్యానెళ్లు దాటిపోతాయి.

త గారి కేసు చెప్పడం కష్టం, తేల్చడం తేలిక. ఇంటి పెద్ద పోయాక వచ్చిన ఉద్యోగం. 2012 మార్చి నుంచి రోజూ వచ్చి అదే సీట్లో అదే పని చేసింది. కానీ నియామకానికి కావలసిన అర్హత ఆ రోజుకు లేదు. 10(ఎ) కింద ఇచ్చినది తాత్కాలిక నియామకం, దాని మీద సీనియారిటీ పుట్టదు. ప్రొబేషన్ మొదలైంది రెగ్యులరైజేషన్ ఉత్తర్వులో ఇచ్చిన 18-01-2014న. ఇక్కడ సెక్షన్లు చేసే పొరపాటు ఒకటుంది: అర్హత వచ్చిన రోజుకూ ఉత్తర్వు ఇచ్చిన రోజుకూ మధ్య ఏడాది గడిచిపోతుంది. ఫైలు బీరువాలో నిద్రపోయినందుకు ఉద్యోగి ఎందుకు నష్టపోవాలి? రెగ్యులరైజేషన్ ఉత్తర్వులో 'ఈ ఉత్తర్వు తేదీ నుంచి' అని గుడ్డిగా రాయకుండా, అర్హత చేతికొచ్చిన తేదీ ఏదో కాగితం చూసి రాయాలి. త గారి ఉత్తర్వులో అది సరిగానే ఉంది.

అసలు వాదన నడిచింది ప గారి దగ్గర. అభ్యంతరాల్లో అన్నిటికంటే పొడవైనది ఆయనదే, సుప్రీంకోర్టు తీర్పుతో సహా. 10-05-2012 నుంచి ఒక్కరోజు విరామం లేకుండా జూనియర్ అసిస్టెంటు పని చేశాను, తర్వాత రెగ్యులర్ అయ్యాను, కాబట్టి ఆ తేదీయే నా తేదీ, క కంటే, చ కంటే నేను ముందు అన్నది ఆయన మాట. చూపించిన తీర్పు చిన్నది కాదు. డైరెక్ట్ రిక్రూట్ క్లాస్-2 ఇంజనీరింగ్ ఆఫీసర్స్ అసోసియేషన్, మహారాష్ట్ర ప్రభుత్వం మధ్య 1990లో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చింది. సీనియారిటీ చట్టానికి అది ఈరోజుకీ మూలస్తంభం. అందులో మొదటి రెండు సూత్రాలు, 'ఎ', 'బి', అందరూ వల్లిస్తారు. 'ఎ' చెప్పేది: నియమాల ప్రకారం నియమించినవాడి సీనియారిటీ నియామక తేదీ నుంచి, ఖాయం చేసిన తేదీ నుంచి కాదు. దాని వెంటే ఇంకో ముక్క ఉంది: నియమాలు పాటించకుండా ఏదో సర్దుబాటుగా ఇచ్చిన అడ్‌హాక్ నియామకం అయితే ఆ కాలం లెక్కలోకి రాదు. 'బి' చెప్పేది: మొదటి నియామకంలో పద్ధతి పూర్తిగా పాటించకపోయినా, విరామం లేకుండా కొనసాగి తర్వాత నియమాల ప్రకారం రెగ్యులరైజ్ అయితే ఆ కాలం కలుస్తుంది.

ప గారు 'బి' పట్టుకున్నారు. 'ఎ' వెనక తోక వదిలేశారు. ఈ రెంటికీ పొసగదు కదా అన్న సందేహం ఆ తీర్పు వచ్చిన కొత్తలోనే లేచింది, 1993లో అఘోర్‌నాథ్ దే కేసులో సుప్రీంకోర్టే దాన్ని తీర్చింది. పూర్తిగా సర్దుబాటు కోసం, నియమాలకు బయట ఇచ్చిన నియామకాలు 'ఎ' తోకలో పడతాయి, వాటిని 'బి'లోకి లాక్కురాకూడదు. 'బి' వర్తించేది పోస్టు ఉండి, అర్హత ఉండి, పద్ధతిలో ఏదో చిన్న లోపం మాత్రమే ఉన్నప్పుడు.

ప గారి 2012 మే ఉత్తర్వు తీసి చదివితే విషయం తెలిసిపోతుంది. 'ఖాళీ నేరుగా భర్తీ చేసే కోటాకు చెందినది. ఎంపికైన అభ్యర్థులు వచ్చేవరకు కేవలం తాత్కాలిక ఏర్పాటుగా. ఈ ప్రమోషన్ వలన సీనియారిటీకి గానీ, భవిష్యత్తులో ప్రాధాన్యానికి గానీ హక్కు రాదు. ముందస్తు నోటీసు లేకుండా రివర్ట్ చేయవచ్చు.' ఆ రోజు ప్రమోషన్ కోటాలో ఖాళీ లేదు. పక్కవాళ్ల కోటాలో కుర్చీ ఖాళీగా ఉంటే కూర్చోబెట్టారు. కోటాకు బయట చేసిన సర్వీసు సీనియారిటీకి రాదు. ప్రమోషన్ కోటాలో ఖాళీ వచ్చి, ప్యానెల్ వేసి, ఉత్తర్వు ఇచ్చిన 01-10-2012 ఆయన తేదీ. అదే గనక 2012 మేలో ప్రమోషన్ కోటాలోనే ఖాళీ ఉండి, ఆయన పేరు ప్యానెల్లో ఎక్కవలసి ఉండి, ప్యానెల్ వేయడం ఆఫీసు ఆలస్యం చేసి ఉంటే జవాబు వేరేలా ఉండేది. కాబట్టి ఇలాంటి అభ్యంతరం వస్తే తీర్పుల కంటే ముందు తెరవాల్సింది ఆ సంవత్సరం ఖాళీల రిజిస్టరు. ఏ నెలలో ఏ ఖాళీ ఏ కోటాకు వచ్చిందో అందులో లేకపోతే ఎవరి వాదన నిజమో ఎవరూ చెప్పలేరు. చాలా ఆఫీసుల్లో ఆ రిజిస్టరు ఉండదు, అసలు రోగం అది.

1998 నుంచి లెక్కపెట్టాలన్న మాట కూడా ఆయన దరఖాస్తులో ఉంది. దానికి పెద్ద జవాబు అక్కర్లేదు. అది రికార్డ్ అసిస్టెంటు కేటగిరీలో సర్వీసు. ఆ సర్వీసే ఆయనకు జూనియర్ అసిస్టెంటు ప్రమోషన్ తెచ్చిపెట్టింది. ఒక మెట్టు మీద ఖర్చు చేసిన సీనియారిటీ పై మెట్టు మీద మళ్లీ చెల్లదు.

మిగిలింది క, చ. ఒకే సెలక్షన్, ఒకే నోటిఫికేషన్. ర్యాంకులో ముందున్నామె 22 రోజులు వెనక చేరింది. 33(ఎ) ఒక్కటే చదివి ఆపేస్తే క సీనియర్. కానీ 33(బి) కింద ఉన్న ప్రొవిజో (షరతు వాక్యం) చదవకుండా ఏ సీనియారిటీ జాబితా మీదా సంతకం పెట్టకూడదు. పబ్లిక్ సర్వీస్ కమిషన్ గానీ మరో ఎంపిక సంస్థ గానీ ఇచ్చిన మెరిట్ వరసను, లేదా ప్రాధాన్య వరసను, సీనియారిటీ వేసేటప్పుడు కదపకూడదు. అవసరమైతే వాళ్లకు ప్రొబేషన్ ప్రారంభానికి నోషనల్ తేదీలు, అంటే కాగితం మీద లెక్కకు మాత్రమే చెల్లే తేదీలు ఇవ్వాలి. చ గారికి 12-07-2012 పూర్వాహ్నం నోషనల్ తేదీ ఇచ్చి, క పైన పెట్టడమే దారి. ముందు చేరినవాడిని కిందికి తోయడం లేదు, ర్యాంకులో ముందున్నామె తేదీని కొద్దిగా వెనక్కి జరిపి సరిచేస్తున్నాం.

నోషనల్ తేదీ ఉత్తర్వులో రెండు వాక్యాలు తప్పకుండా ఉండాలి. ఒకటి, ఈ తేదీ సీనియారిటీ కోసం మాత్రమే, ఆ 22 రోజులకు జీతం రాదు. రెండు, అసలు చేరిక తేదీ 03-08-2012 సర్వీస్ రిజిస్టర్‌లో మారదు. ఈ రెండో వాక్యం లేక ఒక క్లర్కు చేరిక తేదీనే దిద్దేస్తే, ఇంక్రిమెంటు నెల కూడా దాంతో మారిపోయి, కొన్నేళ్ల తర్వాత ఆడిట్ అభ్యంతరం, ఆపైన రికవరీ దాకా పోతుంది.

ఇదే చోట ఇంకో పాత చిక్కుముడి ఉంది, ఈ కేసులో తగలకపోయినా వేరేచోట తప్పకుండా తగులుతుంది. నేరుగా ఎంపికైనవాళ్లను రోస్టర్ (ఏ ఖాళీ ఏ రిజర్వేషన్ వర్గానికో చెప్పే పట్టీ) పాయింట్ల వరసలో నియమిస్తారు. మరి సీనియారిటీ కూడా రోస్టర్ వరసేనా, మెరిట్ వరసా? 1995లో పి.ఎస్. ఘలౌత్ కేసులో రోస్టర్ వరసకు మొగ్గిన సుప్రీంకోర్టు, 2003లో బిమ్లేశ్ తన్వర్ కేసులో ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. రోస్టర్ ఉన్నది ఏ వర్గానికి ఎన్ని పోస్టులో చెప్పడానికి, ఎవరు ఎవరికంటే సీనియరో చెప్పడానికి కాదు. అయినా రోస్టర్ రిజిస్టరు చూసి సీనియారిటీ వేసిన జాబితాలు ఇప్పటికీ కనబడతాయి. మెరిట్ లిస్టు పోయి రోస్టర్ రిజిస్టరు మాత్రమే బీరువాలో మిగిలి ఉండటమే చాలాసార్లు దానికి కారణం. నియామకపు రోజే మెరిట్ లిస్టు జిరాక్సు ఒకటి ఎస్టాబ్లిష్‌మెంట్ ఫైల్లో కుట్టి పెట్టుకుంటే పదిహేనేళ్ల తర్వాత ఎంపిక సంస్థ చుట్టూ తిరగాల్సిన పని తప్పుతుంది.

వయసు సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తే సరిపోతుంది. ప్రొబేషన్ ప్రారంభ తేదీ ఒకటే అయి, ఎంపిక వరస గానీ నియామక ఉత్తర్వులోని వరస గానీ తేల్చలేనప్పుడు మాత్రమే వయసులో పెద్దవాళ్లను పైన పెడతారు. అన్ని తలుపులూ మూసుకున్నాక తెరిచే చివరి తలుపు అది.

సరిచేసిన వరస ఇదీ:

1. స, 09-11-2011.
2. చ, 12-07-2012 (నోషనల్).
3. క, 12-07-2012.
4. ప, 01-10-2012.
5. ట, 20-06-2013.
6. త, 18-01-2014.

జాబితా కొత్తగా మారింది కాబట్టి దీన్ని నేరుగా ఫైనల్ అని పంపకూడదు. దెబ్బతిన్నవాళ్లకు చెప్పుకునే అవకాశం ఇవ్వకపోతే జాబితా ఎంత సరైనదైనా కోర్టులో పడిపోతుంది. మామూలుగా 15 రోజుల గడువుతో మళ్లీ ప్రొవిజనల్‌గా సర్క్యులేట్ చేసి, ప్రతి ఒక్కరి దగ్గరా సంతకం, తేదీ తీసుకోవాలి. డిప్యుటేషన్‌లో ఉన్నవాళ్లను, దీర్ఘకాలం సెలవులో ఉన్నవాళ్లను, సస్పెన్షన్‌లో ఉన్నవాళ్లను మర్చిపోవడం అందరూ చేసే తప్పు. వాళ్లకు రిజిస్టర్డ్ పోస్టులో పంపి అక్‌నాలెడ్జ్‌మెంట్ కార్డు ఫైల్లో అంటించాలి. ఆ కార్డు విలువ చాలా ఏళ్ల తర్వాత తెలుస్తుంది. శివశంకర్ మహాపాత్ర కేసులో 2010లో సుప్రీంకోర్టు సీనియారిటీ జాబితాను సవాలు చేయడానికి మూడు నాలుగేళ్లు సమంజసమైన గడువని, ఆ తర్వాత స్థిరపడినదాన్ని కదపకూడదని చెప్పింది. కానీ ఆ రక్షణ దొరకాలంటే ఫలానా రోజున జాబితా ఫలానా మనిషి చేతికి అందిందని చూపించగలగాలి. ఏళ్ల తరబడి 'ప్రొవిజనల్'గానే మిగిలిపోయిన జాబితాకు ఆ రక్షణ కూడా రాదు, ఎందుకంటే గడువు ఎప్పుడు మొదలైందో తెలియదు.

జాబితా తేలింది. అంటే పైన ముగ్గురికీ ప్రమోషన్ వచ్చినట్టేనా? కాదు. సీనియారిటీ ఇచ్చేది వరసలో ముందుగా పరిశీలించమని అడిగే హక్కు. ప్రమోషన్ కాదు. ఎంత బరువు అన్నది పోస్టును బట్టి మారుతుంది. 5వ నియమం ప్రకారం సీనియర్ అసిస్టెంటు లాంటి నాన్-సెలక్షన్ పోస్టులకు సీనియారిటీ-కమ్-ఫిట్‌నెస్: వరసలో ఉన్నవాడు పనికిరాడని చెప్పడానికి కారణం లేకపోతే అతనికే ఇవ్వాలి. స్టేట్ సర్వీసు స్థాయి సెలక్షన్ పోస్టులకు వెళ్లేసరికి తూకం తిరగబడుతుంది. అక్కడ మెరిట్, సామర్థ్యం ముందు. అవి ఇంచుమించు సమానమైనప్పుడే సీనియారిటీ చూస్తారు. ఈ రెంటికీ మధ్య 'సీనియారిటీ-కమ్-మెరిట్' అనే మాట బ్యాంకుల్లో, కార్పొరేషన్లలో వినబడుతుంది. రాయలసీమ గ్రామీణ బ్యాంకు ప్రమోషన్లతో సహా కొన్ని గ్రామీణ బ్యాంకుల వివాదాల మీద 1998లో బి.వి. శివయ్య కేసులో సుప్రీంకోర్టు దాని అర్థం చెప్పింది: పనికి కావలసిన కనీస మెరిట్ ఉందో లేదో చూడు, ఉంటే సీనియర్‌కే ఇవ్వు. సీనియర్, జూనియర్ ఇద్దరికీ మార్కులు వేసి ఎవరికి ఎక్కువొస్తే వాళ్లను తీసుకోవడం ఆ పద్ధతి కాదు.

ప్యానెల్ సంవత్సరం సెప్టెంబర్ 1 నుంచి మరుసటి ఆగస్టు 31 వరకు. అర్హతలు చూసేది సెప్టెంబర్ 1 నాటికి. 2019 సెప్టెంబర్ 1 నాటికి చ గారు శాఖ నిబంధనల్లో అడిగిన డిపార్ట్‌మెంటల్ పరీక్ష పాస్ కాలేదు. వరసలో రెండో స్థానం, ఫైల్లో అర్హత లేదు. ఆమెను దాటి క వెళ్లాడు. మూడో ఖాళీ ప్రమోషన్ రోస్టర్‌లో ఎస్సీ పాయింట్. ఆరుగురిలో ఆ వర్గానికి చెందినది ట ఒక్కడే, అర్హతలున్నాయి. ప్యానెల్: స, క, ట.

బదిలీతో నాలుగేళ్లు పోగొట్టుకున్న ట, తనకంటే సీనియర్లయిన చ, ప గార్ల కంటే ముందు పై మెట్టు ఎక్కాడు. రేపు వాళ్లు ప్రమోషన్ పొందాక సీనియర్ అసిస్టెంట్ల జాబితాలో ఎవరు పైన? ఈ ప్రశ్న దేశాన్ని పదేళ్లకు పైగా ఊపింది. 1995లో వీర్‌పాల్ సింగ్ చౌహాన్, 1996లోనూ 1999లోనూ అజిత్ సింగ్ కేసుల్లో సుప్రీంకోర్టు 'క్యాచ్-అప్' సూత్రం చెప్పింది: వెనక వచ్చిన జనరల్ అభ్యర్థి పై కేటగిరీలో తన పాత సీనియారిటీ తిరిగి పొందుతాడు. పార్లమెంటు 2001లో 85వ సవరణతో 16(4ఎ) అధికరణం మార్చి, 1995 జూన్ 17 నుంచి వర్తించేలా పర్యవసాన సీనియారిటీకి, అంటే రిజర్వేషన్‌తో ముందు ప్రమోషన్ పొందినవాళ్లు పై కేటగిరీలోనూ సీనియర్లుగానే ఉండటానికి దారి వేసింది. 2006లో ఎం. నాగరాజ్ తీర్పు ఆ సవరణను నిలబెట్టింది, ప్రాతినిధ్యం సరిపోవడం లేదని చూపే లెక్కలు లాంటి షరతులతో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీలకు ప్రమోషన్లలో రిజర్వేషన్ 2003 ఫిబ్రవరి జీవోతో, పర్యవసాన సీనియారిటీ 2009 ఫిబ్రవరి జీవోతో వచ్చాయి. కాబట్టి సీనియర్ అసిస్టెంటు కేటగిరీలో ట పైనే ఉంటాడు. చ, ప గార్ల పాత స్థానం అక్కడ మళ్లీ బతకదు. ఈ సంగతి ప్యానెల్ వేసినప్పుడే నోట్‌లో ఒక పేరాగా రాసి పెట్టడం మంచిది. తర్వాతి సీట్లో కూర్చునేవాళ్లకు మళ్లీ మొదటినుంచి తవ్వుకునే పని ఉండదు.

జీతాల మీద ఒక అభ్యంతరం ఎప్పుడూ ఉంటుంది, ఇక్కడా వచ్చింది: 'నా కింద ఉన్న ప గారికి నాకంటే ఎక్కువ బేసిక్ ఎందుకు?' అని క అడిగాడు. ప 1998 నుంచి ఇంక్రిమెంట్లు తీసుకుంటున్నాడు, ప్రమోషన్ ఫిక్సేషన్ (ప్రమోషన్ వేళ జీతం ఖరారు) ఒకటి దాటాడు. 6, 12, 18, 24 ఏళ్లకు వచ్చే ఆటోమేటిక్ అడ్వాన్స్‌మెంట్ స్కేళ్లు కూడా సర్వీసు కాలానికి ముడిపడినవే, వరసకు కాదు. జూనియర్‌కు జీతం ఎక్కువ కావడం దానంతట అదే అనామలీ (సరిదిద్దాల్సిన తేడా) కాదు. ఇద్దరూ ఒకే కింది కేటగిరీ నుంచి ఒకే పై కేటగిరీకి వచ్చి, అప్పటిదాకా సీనియర్ జీతం తక్కువ కాకుండా ఉండి, ప్రమోషన్ ఫిక్సేషన్ వల్లే తేడా పుడితే స్టెప్పింగ్ అప్ (సీనియర్ జీతాన్ని జూనియర్ జీతానికి సమానం చేయడం) ఆలోచించాలి. క, ప వచ్చిన దారులే వేరు.

కేంద్ర శాఖల్లో పనిచేసే తెలుగువాళ్లు ఇదే చదివి మా దగ్గర తేదీలు ఇలా చూడలేదే అనుకోవచ్చు. కొంతకాలం నిజంగానే చూడలేదు. ఆదాయపు పన్ను ఇన్‌స్పెక్టర్ల వివాదంలో 2012 నవంబర్ 27న వచ్చిన ఎన్.ఆర్. పర్మార్ తీర్పు, నేరుగా ఎంపికైనవాళ్లకు ఖాళీ ఏర్పడి ఎంపిక ప్రక్రియ మొదలైన సంవత్సరంతో సీనియారిటీని ముడిపెట్టింది. 2019 నవంబర్ 19న మణిపూర్ పోలీసు అధికారుల కేసులో, మేఘచంద్ర సింగ్ తీర్పు దాన్ని తోసిపుచ్చింది: మనిషి కేడర్‌లోకి రాకముందే సీనియారిటీ పుట్టదు. అప్పటికే స్థిరపడిన సీనియారిటీలను కదపవద్దని కూడా చెప్పింది. అంటే ఒకే శాఖలో కొన్ని బ్యాచ్‌లకు ఒక లెక్క, తర్వాతి బ్యాచ్‌లకు ఇంకో లెక్క.

ప్రైవేటు కంపెనీల్లో 'సీనియర్' అన్నది హోదా పేరులో ఒక మాట. సీనియర్ సాఫ్ట్‌వేర్ ఇంజనీరుకు అది ప్రమోషన్ హక్కు తెచ్చిపెట్టదు. చట్టం అక్కడ సీనియారిటీని పట్టించుకునేది కార్మికులను రిట్రెంచ్ చేసేటప్పుడు, అంటే మనుషులను తగ్గించుకోవడానికి పనిలోంచి తీసేసేటప్పుడు. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం 25-జి సెక్షన్‌లో చెప్పిన 'ఆఖరున వచ్చినవాడు ముందు పోవాలి' అన్న సూత్రం కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ కొనసాగింది. అదీ ఒకే కేటగిరీలో ఉన్నవాళ్ల మధ్యే. ప్రభుత్వంలోనూ సీనియారిటీ ప్రమోషన్‌తోనే ఆగదని తెలంగాణ ఉద్యోగులకు 2021 డిసెంబర్ 6 నాటి 317 జీవో చూపించింది. 33 జిల్లాలు, 7 జోన్లు, 2 మల్టీజోన్లకు మనుషులను పంచేటప్పుడు ఆప్షన్లతో పాటు సీనియారిటీని కొలతగా పెట్టారు. జాబితాలో ఒక్క మెట్టు తేడా వస్తే పిల్లల బడి, ఇంటి అద్దె, ఊరు అన్నీ మారిపోయాయి. ఏళ్లుగా ప్రొవిజనల్‌గా పడి ఉన్న జాబితాలను అప్పుడు హడావుడిగా దుమ్ము దులపాల్సి వచ్చింది.

ఈ కేసులో ఇంకా రెండు కాగితాలున్నాయి. ఒకటి స గారిది. ఊరు వదిలి వెళ్లలేనని, ఈ ఏడాదికి మాత్రం ప్రమోషన్ వద్దని, వచ్చే ఏడాది ఇవ్వమని రాసిచ్చాడు. 28వ నియమం కింద హక్కు వదులుకోవచ్చు గానీ తాత్కాలికంగా, షరతులతో వదులుకోవడం కుదరదు. ఒకసారి ఒప్పుకుంటే అది తుది, వెనక్కి తీసుకోలేడు. సెక్షన్ ఆ సంగతి రాతపూర్వకంగా చెప్పింది. ఆయన కాగితం ఉపసంహరించుకుని, 15 రోజుల గడువు ముగిసేలోపు కొత్త చోట చేరాడు. ఈ మాట ముందే చెప్పకుండా కాగితం తీసుకుని ఫైలు చేసి ఉంటే ఒక మనిషి సర్వీసంతా జూనియర్ అసిస్టెంటుగానే రిటైరయ్యేవాడు.

రెండోది చ గారిది. 2020లో పరీక్ష పాసై, 2020-21 ప్యానెల్‌లో సీనియర్ అసిస్టెంటు అయింది. ఆ తర్వాత దరఖాస్తు: 'నాకు నోషనల్ తేదీ ఇచ్చి క గారి పైన పెట్టారు కదా, ప్రమోషన్ కూడా ఆయన తేదీ నుంచే నోషనల్‌గా ఇవ్వండి.' జవాబు మూడు లైన్లు: 2012 నోషనల్ తేదీ జూనియర్ అసిస్టెంటు కేటగిరీకి సంబంధించినది. 01-09-2019 నాటికి పరీక్ష అర్హత లేనందున ఆ ప్యానెల్‌లో పేరు చేర్చలేదు. సీనియర్ అసిస్టెంటు కేటగిరీలో సీనియారిటీ, నియమం 33(ఎ) ప్రకారం, ఆ కేటగిరీలో నియామక తేదీ నుంచి లెక్కించబడును.